సొంత పార్టీకే క్రాసు

దూలయ్యగారు తన వకీలు జీవితంలో ఎదుటి పార్టీని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ప్రశ్నలన్నీ సొంత పార్టీకే.

ఖమ్మం కోర్టులో మిగతా వకీళ్లమంతా ఎదుటివాళ్ల సాక్షులను తికమక పెట్టి బతికేవాళ్లం. దాన్ని క్రాసు అంటారు. దూలయ్యగారి వంతు వచ్చినప్పుడు ఆయన లేచి, బోనులో ఉన్న మనిషిని జాలిగా చూసి, "నాకేం ప్రశ్నల్లేవు" అని కూర్చునేవారు. నిజంగానే లేవు. పొద్దున్నే సాబిర్ హోటల్లో అన్నీ ఖర్చయిపోయేవి.

సాబిర్ హోటలు కోర్టు గేటుకు ఎదురుగా ఒక రేకుల షెడ్డు. దగ్గర్లో మరో హోటలు లేదు. ఇల్లందు బస్సు దిగినవాళ్లు, పాల్వంచ బస్సు దిగినవాళ్లు, వాది, ప్రతివాది, వాళ్ల వాళ్ల బావమరుదులు, అందరూ అక్కడే చాయ్ తాగాలి. విడాకులకు వచ్చిన భర్త ఒక బల్ల మీద కూర్చుంటే భార్య ఇంకో బల్ల మీద వీపు తిప్పి కూర్చునేది. దూలయ్యగారికి వేరే ఆఫీసు లేదు. నల్లకోటు ఎండకు మాడి మట్టిరంగుకు వచ్చింది. ఆ కోటుతో మూల బల్ల దగ్గర తన మొహం హాలు వైపు, కక్షిదారు వీపు హాలు వైపు వచ్చేట్టు కూర్చునేవారు.

వైరా నుంచి ఒక ఎరువుల వ్యాపారి వచ్చాడు.

"నా భార్య నా మాట వినదు సార్. విడాకులు కావాలె."

"ఏ మాట?"

"ఏ మాటైనా."

"నిన్న ఏం మాట చెప్పినవ్?"

"నిన్న మాట్లాడలే సార్."

"మొన్న?"

"మేం మాట్లాడుకోక ఆర్నెల్లయింది."

"చెప్పని మాట ఎట్ల వినాలె? ఆమెకేమన్న సోది తెలుసా?"

గల్లా దగ్గరి నుంచి సాబిర్ అన్నాడు. "జవాబ్ ఇయ్యాలె సేట్. ఊకుంటే ఒప్పుకున్నట్టే."

వ్యాపారి చాయ్ సగంలో వదిలేసి లేచాడు. సరాసరి నా బల్ల దగ్గరికి వచ్చి వకాల్తా మీద సంతకం పెట్టాడు. నా ప్రాక్టీసులో సగం అట్లా దూలయ్యగారు తరిమినవాళ్లే. తరిమినా పోకుండా నిలిచినవాళ్ల వల్ల నాకు ఇంకా లాభం. ఎదుటి వకీలుగా పక్క బల్ల మీద కూర్చుంటే చాలు, ఆయన పార్టీ లోపాలన్నీ ఆయన నోటితోనే వినవచ్చు. పైగా ఆ గొంతు. లోపల జడ్జిగారు కిటికీ మూయమనేవారట. దూలయ్యగారికి చెవుడని కొందరన్నారు. అంత అరిచి అడిగేవాడికి జవాబు వినిపించకపోవడంలో వింత లేదని నేనన్నాను.

బద్ధకం కూడా ఉండేది. కక్షిదారు ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంటే, ఆయన పేపరు చదివేవారు. వార్తలయ్యాక టెండర్లు, టెండర్లయ్యాక తప్పిపోయినవారి ప్రకటనలు. కక్షిదారు దగ్గితే పేజీ తిప్పేవారు. సాబిర్ ఏదో ఒక క్షణాన గరిటెతో కెటిల్ మీద ఠంగున ఒక దెబ్బ కొట్టేవాడు. టెండరు మధ్యలోనే పేపరు మడిచి దూలయ్యగారు మొదలుపెట్టేవారు. "సాబిర్ కోర్టు కూర్చుంది" అని మేం నవ్వేవాళ్లం.

సాయంత్రం ఈ కథలు హైమకు చెప్పేవాణ్ని. హైమ నా భార్య, మధిర పిల్ల. నేను నవ్వే చోట ఆమె నవ్వేది కాదు.

"ఆయన అట్లా అడిగేటప్పుడు ఆ భార్య అక్కడే ఉందా?" అనేది.

"ఉంటే ఏం, లేకపోతే ఏం?"

"ఊరికే అడిగాను."

ఎనభైల మధ్యలో రూప్‌సింగ్ కేసు వచ్చింది. రూప్‌సింగ్‌కు పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం, కాలనీలో క్వార్టరు. భార్య కమ్లిది ఇల్లందు దగ్గర తండా. కాలనీలో ఆరేసిన బట్టల మీద బూడిద పడుతుందని ఆమె ఉండనన్నది. తండాలో కరెంటు లేదని అతను రానన్నాడు. బూడిదకూ కరెంటుకూ మొదలైన తగాదా బావమరుదుల దాకా పోయింది. తండా పెద్దలు కూర్చుని వాళ్ల ఆచారం ప్రకారం పెళ్లిని తెంపేశారు. తెగనిది ఒక్కటే మిగిలింది. దాని పేరు సోమ్లి, బడికి వెళ్లే వయసు. తల్లి దగ్గర ఉన్న ఆ పిల్లను తనకు ఇప్పించమని రూప్‌సింగ్ జిల్లా కోర్టులో వేశాడు. అతని వకీలు దూలయ్యగారు. కమ్లి వకీలును నేను.

వాదనలు విని జడ్జిగారు అన్నారు. "వచ్చే వాయిదాకు పిల్లను తీసుకురండి. ఎవరి దగ్గర ఉంటుందో దాన్నే అడుగుతాను."

నాకు సంతోషమైంది. పిల్ల తల్లి దగ్గరే అంటుంది, కేసు గెలిచినట్టే. "పిల్లకు నేర్పు" అని కమ్లికి చెప్పాను. వకీళ్లందరూ చెప్పేదే. రూప్‌సింగ్‌కు అది ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఇల్లందు బడి దగ్గర కాపు కాసి, రిబ్బన్లు కొనిచ్చి, అతనూ నేర్పాడు.

వాయిదా నాడు నేను వెళ్లేసరికి రూప్‌సింగ్ మూల బల్ల దగ్గర ఇస్త్రీ చొక్కాలో కూర్చుని ఉన్నాడు. దూలయ్యగారు టెండర్లు చదువుతున్నారు. ఇల్లందు బస్సు వచ్చింది. కమ్లి సోమ్లిని వెంటబెట్టుకుని వచ్చి నా బల్ల దగ్గర కూర్చుంది. పిల్ల తండ్రి ఇచ్చిన రిబ్బన్లు కట్టుకుని ఉంది, జడ వేసింది తల్లి. మొహం చూస్తే జ్వరం వచ్చినట్టుంది. పెదవులు కదుపుతూ ఏదో వల్లిస్తోంది.

సాబిర్ పిల్ల చేతిలో బన్ను పెట్టి, గుంపు లేని చోట ఆడుకొమ్మని వెనక దొడ్లోకి పంపాడు. తర్వాత కెటిల్ మోగింది.

"ఏమయ్యా రూప్‌సింగ్, బిడ్డ నీకెందుకు?"

"నా బిడ్డ సార్."

"నీ బిడ్డే. ఎందుకని అడుగుతున్న."

"సదివిస్త. కాలనీల ఇంగ్లీషు బడి ఉంది."

"నైట్ షిఫ్టుకు పోయిన్నాడు బిడ్డ యాడ పంటది? ఇంగ్లీషు బడిలనా?"

"పక్క క్వార్టరోళ్లు చూస్తరు."

"ఆళ్ల పేరేంది?"

రూప్‌సింగ్ ఆలోచించాడు. "కొత్తగ వచ్చిండ్రు సార్."

"పేరు తెల్వనోళ్లకు బిడ్డనిస్తవ్, కన్నతల్లికియ్యవ్. మంచిగుంది. జడెయ్యనీకొస్తదా?"

"నేర్చుకుంట."

"యాడ? థర్మల్ స్టేషన్లనా?"

హోటలంతా నవ్వింది. రూప్‌సింగ్ చెవులు ఎర్రబడ్డాయి. "సార్, మీరు నా వకీలా, ఆమె వకీలా?"

"నీ వకీల్నే. ఆమె వకీలు గా బల్ల మీద చాయ్ తాగుతుండు. మర్యాదస్తుడు, గిట్లడుగడు." దూలయ్యగారు గొంతు ఇంకా పెంచారు. "నేను చెప్తా విను. నీకు బిడ్డ మీద ప్రేమ, పావురం లేదు, బావమరిది మీద పంతం. నలుగురి ముందట నిన్ను బూడిదోడన్నడు. బిడ్డను గుంజుకపోతె ఆని నోరు మూతబడ్తదని నీ ఆశ. అవ్‌నా కాదా? బిడ్డ సావుబతుకుల పడ్డా నువ్వు రావు. జరమొస్తె ఒక్కనాడన్న వచ్చినవా? రాలే. నువ్వేం తండ్రివయ్యా?"

నేను మనసులోనే ఈ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చి జడ్జిగారికి వినిపించుకుంటున్నాను. నా పక్కన గ్లాసు బల్ల మీద గట్టిగా పడింది.

"ఓ వకీల్ సాబ్, ఆపు." కమ్లి లేచి నిలబడింది. "రాలేదని నీకెవరు చెప్పిండ్రు? వానల పిల్లకు జరమొస్తె, వాగులొచ్చి బస్సులు బందైతె, డ్యూటీ దిగి గా నూనె బట్టల్తోనే సైకిల్ తొక్కుకుంట అడవిలకెళ్లి వచ్చిండు. దవాఖానాల నేల మీద పన్నడు. నువ్వు చూసినవా?"

"కూర్చోమ్మా," అన్నాను మెల్లగా. "ఆయన మాట్లాడేది మనకు లాభం."

"నువ్వు ఊకో సారు." మళ్లీ దూలయ్యగారి వైపు తిరిగింది. "మాకూ మాకూ సవాలక్ష ఉంటయ్. గాయిన్ని అంటే నేననాలె. అననీకి నువ్వెవరివి?"

దూలయ్యగారు చిన్నబోయినట్టు రూప్‌సింగ్ వైపు చూశారు. "ఈ సైకిల్ సంగతి నాకెందుకు చెప్పలే?"

"మీరు అడగలే సార్."

"అడిగిన. జరమొస్తె వచ్చినవా అన్న."

"అడిగి, మీరే రాలే అన్నరు."

"గట్లనా," అన్నారు దూలయ్యగారు. "ఇగ నాకేం ప్రశ్నల్లేవు." పేపరు విప్పి టెండరు ఎక్కడ ఆపారో వెతుక్కున్నారు.

కమ్లి వెళ్లి ఆ మూల బల్ల దగ్గరే నిలబడి రూప్‌సింగ్‌తో తమ భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు లంబాడీ రాదు. తండాలు తిరిగిన సాబిర్‌కు వచ్చు.

"ఏమంటున్నారు?" అన్నాను.

"తిట్టుకుంటున్నరు సాబ్."

కాసేపాగి మళ్లీ అడిగాను.

"ఇంకా తిట్టుకుంటున్నరు. బావమరుదుల కాడికి వచ్చిండ్రు."

చాయ్ చల్లారింది. సాబిర్ తనంతట తానే అన్నాడు. "ఇప్పుడు బస్సుల టైం మాట్లాడుతుండ్రు."

కోర్టు పిలిచేలోపు కాయితం తయారైంది. పిల్ల తల్లి దగ్గర ఉంటుంది. తండ్రికి ఏ రోజు డ్యూటీ సెలవు పడితే ఆ రోజు వచ్చి పాల్వంచకు తీసుకుపోతాడు, చెప్పిన బస్సుకు తిరిగి దింపుతాడు. బావమరుదులు మధ్యలో మాట్లాడరాదు. చివరి షరతు కమ్లిదే.

జడ్జిగారు అది చదివి ఒప్పుకున్నారు. పిల్లను పిలిపించారు కనుక ఏదో ఒకటి అడగాలని, కళ్లద్దాలు తీసి మెత్తగా అన్నారు. "నీ పేరేమిటమ్మా?"

సోమ్లి ఇన్నాళ్లుగా ఈ గడియ కోసమే తయారైంది. తండాలో అమ్మను యాడి అంటారు, నాన్నను బా అంటారు. పిల్ల చేతులు కట్టుకుని కళ్లు మూసుకుని ఊపిరి పీల్చకుండా చెప్పింది. "యాడి కాడ ఉంట బా కాడ ఉంట."

జడ్జిగారు కాయితం వైపు చూసుకున్నారు. "ఇందులోనూ అదే ఉంది," అని సంతకం పెట్టారు.

వాళ్లు మళ్లీ కలిసి కాపురం చేశారని రాస్తే బాగుంటుంది. చేయలేదు. బూడిద బూడిదే, తండాకు కరెంటు వచ్చినా తగాదా తగాదే. కానీ పాల్వంచ బస్సులో కిటికీ పక్క సీటు కోసం తండ్రితో దెబ్బలాడే పిల్లను నేను చాలాసార్లు చూశాను.

ఆ సాయంత్రం హోటల్లో అడిగాను. "దూలన్నా, కమ్లి వెనక కూర్చుందని నీకు తెలుసా?"

"చెవిటోణ్ణి తమ్మీ. చూపు గూడ అంతంతే."

సాబిర్ గ్లాసులు కడుగుతూ నవ్వాడు. "ఆమె బస్సు దిగి లోపలికి వస్తెనే గద సాబ్, నేను కెటిల్ కొట్టేది. ఆమె రాకపోతె వకీల్ సాబ్ టెండర్లు చదువుకుంట కూసుంటడు. ఇయ్యాల్టి సంగతా ఇది?"

నేను దూలయ్యగారి వైపు చూశాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు వెనక నుంచి మాట వచ్చింది.

"పెద్దోళ్లను మంచిగ అడిగితె, పిల్లలను అడుగుడు తప్పుతది తమ్మీ. ఇగ నన్ను క్రాస్ చేస్తవా ఏంది?"

నాకేం ప్రశ్నల్లేవన్నాను.

ఇంటికి వెళ్లి హైమకు అంతా చెప్పాను. ఈసారి ఆమె నవ్వింది. నేను నవ్వని చోట.

"మీకూ నాకూ ఎప్పుడైనా కోర్టు దాకా వస్తే, మీరు దూలయ్యగారిని పెట్టుకోండి," అంది.

"మరి నీకు?"

"నాకు వకీలు ఎందుకు? వెనక బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతాను."