ఆగి ఉన్న బండి మీద కేసు

ఉదయం పదకొండుంబావుకు మేడ్చల్ కోర్టులో మా ఆయన పేరు పిలిచారు. ఆయన తుర్కపల్లి ల్యాబులకు క్యాబ్ నడిపేవారు. శామీర్‌పేటలో ఆగి ఉన్న ఆ క్యాబ్‌ను బైకు గుద్దుకుంటే, కేసు ఈయన మీద పెట్టారు.

“ఒప్పుకోనని చెప్పు చాలు. నిరూపించుడు వాళ్ల పని” అని వకీలు ముందే చెప్పాడు. కానీ ఎవరు గట్టిగా మాట్లాడినా దండం పెట్టి ‘తప్పైంది’ అనడం ఈయన మర్యాద.

“నేరం ఒప్పుకుంటున్నావా?” అని జడ్జి అడగగానే చేతులు జోడించి, “తప్పైంది సార్...” అన్నారు.

నేను వెనక నుంచి లేచి అరిచాను. “గాయన అందరితోని గట్లనే అంటడు సారూ! బండి ఆగే ఉండె!”

కోర్టంతా నవ్వింది. జడ్జి నన్ను కూర్చోమని, ఒప్పుకుంటే శిక్ష పడుతుందని ఆయనకు విడమరిచి, మళ్లీ అడిగారు.

“ఒప్పుకోను సార్.”

బయటికొచ్చాక, “ఏం వకీలమ్మా, ఇగ ఇంటికి పోదమా?” అన్నారు. తర్వాత కేసు కొట్టేశారు, ఆ పిలుపు మాత్రం ఉండిపోయింది. ఆయన పోయి ఏడాదైంది. ఇప్పుడు నన్నెవరూ అలా పిలవడం లేదు.