పక్కటెముకల పాఠం

మంగళవారం పొద్దున నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా ఫోన్ వచ్చింది. మాకు వైద్యంలో చేతిపని నేర్పిన మేడం ఇక లేరు. ఏదో ఒకరోజు వస్తుందని తెలిసిన కబురే. ఆటోను అశోక్‌నగర్ వైపు, ఆమె ఇంటికి తిప్పమని చెప్పాను.

మేం పీజీలో చేరిన కొత్తలో ఆమె పద్ధతి ఎవరికీ మింగుడుపడలేదు. క్లాసులో పాఠం చెప్పేవారు కాదు. ఛాతీలోకి గొట్టం ఎలా వేయాలో, ఊపిరితిత్తి చుట్టూ చేరే నీరు వీపు వైపు నుంచి ఎలా తీయాలో ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఫోన్‌తో వీడియో తీసి ముందురోజే పంపేవారు. వెనక కుక్కర్ విజిల్ వినిపించేది. పాఠం ఇంట్లో చూసి రావాలి, క్లాసంతా చేత్తో చేయడమే. పిల్లలకు చదువు అప్పజెప్పి ఈమె హాయిగా కూర్చుంటుందని తోటి ప్రొఫెసర్లు ఎకసెక్కాలాడితే నవ్వి ఊరుకునేవారు. క్లాసు మాత్రం ఎప్పుడూ ఒకే మాటతో మొదలయ్యేది: "చూసొచ్చినోళ్లు గ్లౌజులు ఏస్కోండ్రి. చూడనోళ్లు మంచమెక్కుండ్రి."

మంచమెక్కినవాళ్లే ఆ రోజుకు పేషెంట్లు. సూది గుచ్చేవాళ్లం కాదులెండి. వీపు మీద పెన్నుతో గీతలు గీయించుకుంటూ క్లాసు అయ్యేదాకా వంగి కూర్చోవాలి. ఒకసారి కూర్చున్నవాళ్లు మళ్లీ వీడియో చూడకుండా రాలేదు.

సూది గుచ్చడానికి మేక పక్కటెముకలుండేవి. మాంసం ముట్టని ఇంట్లో పుట్టిన మనిషి, చిక్కడపల్లిలో మటన్ దుకాణం ముందు నిలబడి, ముక్కలు కొట్టకుండా పక్కటెముకల పలక అలాగే ఇవ్వమని అడిగేవారు. పాపం అంత పెద్ద ముక్క ఎట్లా ఉడుకుతుందని దుకాణాయన ఒకరోజు అడక్కుండానే చక్కగా ముక్కలు కొట్టి ఇచ్చాడు. ఆ రోజు మాకు పాఠం లేదు. రాత్రికి హాస్టల్లో మంచి కూర అయింది. ఎట్లుందని మర్నాడు మేడమే అడిగారు.

నాకు చెయ్యి వణికేది. మొదటిసారి నిజమైన పేషెంట్ ముందు సూది పట్టుకుని ఆగిపోయాను. ఈ చదువు మానేసి పోదామనుకున్నాను. మేడం వార్డు బయటికి పిలిస్తే తిట్లు తప్పవనుకున్నాను. ఆమె అన్నది ఇంతే: "వణికితే వణకనీ. ఆగు, మళ్ల మొదలువెట్టు. చేసేది నాకు చెప్పకు, ఆయనకు చెప్పు."

చేసే ప్రతి పనీ పేషెంట్‌కు చెబుతూ చేయడం అప్పట్నుంచి అలవాటైంది. చెబుతుంటే వణుకు అదే తగ్గేది. ఇవాళ నేను డాక్టర్‌నని చెప్పుకుంటున్నానంటే ఆమె చలవే.

చాలాకాలంగా ఉన్న జబ్బు ముదిరి, పోయిన నెల ఆమె ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఊపిరాడక పడుకోలేకపోతుంటే మా ఆసుపత్రికే తీసుకొచ్చారు. ఆ నీరు నన్నే తీయమన్నారు మేడం. నావల్ల కాదు, పెద్ద సార్‌ను పిలుద్దామని బతిమాలాను.

"సార్ చెయ్యి నాకు తెల్వదు బిడ్డా. నీ చెయ్యి తెల్సు."

బల్ల మీద దిండు పెట్టుకుని దాని మీదికి వంగి కూర్చున్నారు. చాలా చిక్కిపోయారు. పక్కటెముకలను వేలితో వెతకాల్సిన పని కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది, చెయ్యి వణికింది. ఆగాను.

"మేడం, మత్తు సూది ఇస్తున్న. జర చురుక్కుమంటది."

క్లాసులో ఎక్కడ తప్పినా పట్టేసే మనిషి, ఊఁ అని మాత్రమే అన్నారు. నీరు సన్నగా సీసాలోకి దిగడం మొదలైంది. కాసేపయ్యాక నొప్పిగా ఉందా అని అడిగాను. మళ్లీ అడిగి, వంగి చూశాను. దిండుకు చెంప ఆనించి నిద్రపోతున్నారు. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. సూది తీసి పట్టీ వేశాక కూడా, కదిలితే ఎక్కడ లేస్తారోనని, గ్లౌజులైనా విప్పకుండా ఆమె వెనకే నిలబడి ఉన్నాను.