బాబాయిగారు పోసిన గ్లాసు

ఇరవై ఆరేళ్ళ వయసులో మనిషి దగ్గర ఇంకేమీ లేకపోయినా వెన్నెముక మాత్రం నిటారుగా ఉంటుంది. నాది మరీ నిటారుగా ఉండేది, ఎందుకంటే మా ఇంట్లో అమ్మడానికి వీలుకాక మిగిలిన ఆస్తి అదొక్కటే. మొగల్తూరు పక్కన మా తాతగారి హయాంలో ఎంత భూమి ఉండేదో చెప్పను. చెబితే మీరు నమ్మరు, నమ్మితే జాలిపడతారు, రెండూ నాకు గిట్టవు. నేను పుట్టేనాటికి పొలాలు రొయ్యల చెరువులయ్యాయి, నాకు ఊహ తెలిసేనాటికి ఆ చెరువులు వేరేవాళ్ళవయ్యాయి. మిగిలింది మర్యాద. మా ఇళ్ళలో చంటిపిల్లవాణ్ణి కూడా ‘అబ్బాయిగారూ, పాలు తాగారా అండి’ అనే పలకరిస్తారు. (ఆ పాలు పక్కింటివారు పంపినవని అబ్బాయిగారికి తెలియనిచ్చేవారు కాదు.)

అప్పట్లో నేను రాజమహేంద్రవరంలో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. చెరువు నీళ్ళు పరీక్ష చేసే గదిలో ఒకమ్మాయి ఉండేది. పాలకొల్లులో బట్టల కొట్టు ఉన్న కుటుంబం, బెంగళూరులో నాలుగేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. మేమంతా ఆమెను ల్యాబ్‌గారు అనేవాళ్ళం. మూడు నెలలు సాధన చేసిన వాక్యాలతో ఒక మధ్యాహ్నం నేను ఆమెను పెళ్ళి చేసుకుంటారా అని అడిగాను. ఆమె చేతిలో ఉన్న సీసాకు మూత పెట్టి, నా వైపు తిరిగి, “ఆఫీసులో మీరు బాగానే ఉంటారండి. బయట ఎలా ఉంటారో నాకు తెలీదు కదా. ఒక సాయంత్రం ఎక్కడైనా మంచి చోట కూర్చుందాం, ఆ రోజే చెప్పేస్తాను” అంది.

మంచి చోటంటే గోదావరి గట్టు అనుకున్నాను. ఆమె ఉద్దేశం బారు. బెంగళూరులో అలవాటైందట: బీరు కాదు, బిర్యానీ కాదు, ఒక్క గ్లాసు మంచి విస్కీ, రెండు గంటల కబుర్లు. అలాంటి చోటు ఈ ఊళ్ళో ఉందా అని అడిగి, మీ తాతగారి బీరువాలో సీమ సరుకు ఉండేదన్నారుగా, చోటు మీరే ఎంచండి అంది. నేను అలా అన్న మాట నిజమే. నేను చెప్పనిదేమిటంటే, ఆ సీసాల్లో మా అమ్మగారు అప్పటికే కొబ్బరినూనె పోసి పెట్టారని, నేను జన్మలో ఒక్క చుక్క రుచి చూడలేదని. మా బాబాయిగారు, అంటే మా నాన్నగారి తమ్ముడు, తన వాటా భూమి మొత్తం తాగేసి నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఊరు విడిచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా ఇంట్లో ఆయన పేరూ మందు పేరూ రెండూ నిషిద్ధం. ఎవరైనా అడిగితే హైదరాబాదులో వ్యాపారమని చెప్పేవాళ్ళం. ఏం వ్యాపారమని ఎవరూ అడిగేవారు కాదు. మా వైపు మర్యాద అంటే అదే.

పెళ్ళికొడుకులను చూసినట్టు ఆ వారం నేను బార్లు చూశాను, అదీ మధ్యాహ్నం పూట, తెలిసినవాళ్ళెవరూ ఉండరని. మొదటిదానిలో ప్రతి టేబులుకూ ఒక పరదా ఉంది, ఆ పరదాకు లోపల ఉన్నవాళ్ళు చేతులు తుడుచుకున్న గుర్తులున్నాయి. రెండోదానిలో క్రికెట్టు చూస్తూ ఒకాయన అంపైరును అమ్మానాన్నలతో సహా తిడుతున్నాడు. మూడోచోట ఫ్యామిలీ సెక్షన్ ఉందండి అని ఎంతో గర్వంగా పైకి తీసుకెళ్ళారు. అక్కడ జనరేటరు పక్కన ముగ్గురు పిల్లలు నూడుల్స్ తింటున్నారు, వాళ్ళ నాన్న గోడవైపు తిరిగి తాగుతున్నాడు. (పిల్లలకు కనపడకుండా అన్నమాట.) చివరికి దానవాయిపేటలో ఒక హోటలు రెండో అంతస్తులో కొత్తగా తెరిచిన చోటు దొరికింది. బీరు అమ్మరు. గాజు బీరువాలో దీపాలు పెట్టి నలభై రకాల సీసాలు దేవుడి పటాల్లా నిలబెట్టారు. పాటలు లేవు, పరదాలు లేవు. ఫోనులో చూస్తే జనం ఒకటే రాశారు: సాయంత్రం అయిదు తర్వాత ఒక పెద్దాయన ఉంటారు, ఏం తాగాలో ఆయన చెప్తారు, ఆయన చెప్పింది తాగండి. నేను శనివారం ఆరున్నరకు ముగ్గురికి టేబులు రాయించి, రిజిస్టరులో మా ఇంటిపేరు పూర్తిగా, తాతగారి పేరుతో సహా రాశాను.

మూడో మనిషి మా ఆఫీసులోనే సేల్స్ చూసే అతను. బుల్లెట్ మోటారుసైకిలు నడిపేవాడు కనుక అతనికి అదే పేరు. ల్యాబ్‌గారు ఒక మగవాడితో ఒంటరిగా బారుకు వెళ్ళిందంటే ఆ కబురు తెల్లారేసరికి పాలకొల్లు కొట్టుకు చేరుతుంది కనుక, ఆఫీసు వాళ్ళం కలిసి వెళ్ళామని చెప్పుకోవడానికి అతన్ని వెంటబెట్టుకున్నాం.

కూర్చున్నాం. నల్లకోటు వేసుకుని, తెల్లని మీసం దువ్వుకుని, చేతిమీద తువాలుతో పెద్దాయన వచ్చారు. మా బాబాయిగారు.

ఎనిమిదేళ్ళ తర్వాత చూడటం. ఆయన మొహంలో ఒక్క గీత కదల్లేదు. నన్ను కుర్చీని చూసినట్టు చూసి, “నమస్కారమండి, సార్. ఏం పుచ్చుకుంటారండి” అన్నారు. జీవితంలో నన్ను అబ్బాయిగారూ అని తప్ప పిలవని మనిషి. నేను లేచి నిలబడాలి. మా ఇంట్లో పెద్దలు నిలబడి ఉంటే పిల్లలు కూర్చోరు. నా వెన్నెముక, అంత గొప్ప వెన్నెముక, కుర్చీకి అతుక్కుపోయింది.

ల్యాబ్‌గారు పొగవాసన వచ్చే విస్కీ ఉందా అని అడిగింది. ఆయన సీసా తెచ్చి ఆమెకు చూపించి, “గింజల్ని పొగమీద ఆరబెడతారండి, మనవాళ్ళు చేపలకి పెట్టినట్టే. మొదటి గుక్క నచ్చదండి. రెండోదానికి అలవాటవుద్దండి. మూడోది మాత్రం వద్దండి” అన్నారు. ఆమె నవ్వింది. బుల్లెట్, “నువ్వు తాగవా పెద్దాయనా” అన్నాడు. “తాగేశానండి. నా వంతు అయిపోయింది” అన్నారు. నేను గొంతు సవరించుకుని నాకూ అదే, నీళ్ళు కలపకుండా అన్నాను. “సార్ తరహా వేరండి. సార్‌కి వేరే తెస్తాను” అని లోపలికి వెళ్ళి, ముదురు తేనె రంగులో ఉన్న గ్లాసు తెచ్చి నా ముందు పెట్టారు.

ఆ గ్లాసు గురించి నేను చేసిన ఉపన్యాసం తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. తిప్పాను, వాసన చూశాను, పాత భోషాణం మూత తీసినప్పుడు వచ్చే పరిమళం ఉందన్నాను, మా తాతగారు ఇలాంటిదే పుచ్చుకునేవారన్నాను. కాస్త వగరు తప్ప నాకేమీ తెలియలేదు. ఇంతోటి దానికోసమా మా బాబాయిగారు పదహారేళ్ళు కష్టపడ్డారు అనిపించింది. రెండో గ్లాసుకు నాకు మత్తెక్కింది కూడా. మాట కొద్దిగా తడబడింది, మా వంశం గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాను.

బుల్లెట్‌కు మాత్రం నిజంగానే ఎక్కింది. చిటికె వేసి, “ఏయ్ మీసం, ఇటు రా” అన్నాడు. సీసా పట్టుకుని, మీసం మెలేస్తూ, జమీందారులా నిలబడమన్నాడు. ఫొటో కావాలట. తన ఫోను నా చేతికిచ్చి, నువ్వు తియ్యరా అన్నాడు. బాబాయిగారు నిలబడ్డారు, మీసం మెలేశారు. నేను తీశాను. సరిగ్గా రాలేదని బుల్లెట్ అంటే, ఆయన మళ్ళీ మెలేశారు, నేను మళ్ళీ తీశాను. ఫోను దించి చూసేసరికి ల్యాబ్‌గారు నా గ్లాసులోంచి ఒక గుక్క తాగి, గ్లాసు ఉన్నచోటే పెట్టి, ఆయన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

కింద బుల్లెట్ బండి తీస్తుండగా ఆమె నన్ను అడిగింది. “ఆయన మీకేమవుతారండి?”

ఎవరు అన్నాను.

“మీకు టీ పోసినాయన. పాలూ పంచదారా లేని టీ అది. రెండు గ్లాసులు తాగారు మీరు.”

చెప్పడానికి నాకు చాలినంత సమయం ఉంది. ఆమె ఎదురుచూసింది కూడా. “ఎవరో నాకు తెలీదండి” అన్నాను.

ఆమె ఆటోను ఆపి, ఎక్కి కూర్చుని, మామూలు గొంతుతోనే చెప్పింది. “ఇవాళ చెప్తానన్నాను కదా. మీరే చెప్పేశారండి.” తర్వాత ఏడాదికి ఆమె మళ్ళీ బెంగళూరు వెళ్ళేవరకు ల్యాబ్‌లో నాకు నమస్కారం పెడుతూనే ఉంది. ఆ నమస్కారమే భరించడం కష్టమైంది.

మర్నాడు అయిదింటికి నేను ఒక్కణ్ణే వెళ్ళాను. బాబాయిగారు గ్లాసులు తుడుస్తున్నారు. కూర్చోమన్నారు, నేను కూర్చోలేదు. (నిన్న నిలబడవలసినవాణ్ణి ఇవాళ నిలబడ్డాను.) తువాలు భుజాన వేసుకుని ఆయనే అందుకున్నారు. “రిజిస్టరులో పేరు చూశానండి అబ్బాయిగారూ. సెలవు పెట్టేద్దామనుకున్నాను. మరి మీకు ఎవరు ఏం పోస్తారోనని ఉండిపోయాను.” నేను బాబాయిగారూ అని పిలవనందుకు ఏమీ అనుకోలేదని, పిలిచి ఉంటే తానే వాళ్ళ మేనేజరు దగ్గర చులకనైపోయేవారని, నేను మంచి పనే చేశానని చెప్పారు. మా వైపు మనుషులు ఎదుటివాడి పరువు కోసం ఎంత చక్కగా అబద్ధమాడతారో నాకు తెలుసు. నేను తలూపి వచ్చేశాను. క్షమించమని మాత్రం అనలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు.

రెండేళ్ళ తర్వాత ఆయన కాలేయం పాత బాకీలన్నీ ఒకేసారి అడిగింది. నేనే ఆస్పత్రిలో చేర్పించాను, ఆ రోజు చీటీ రాసే అమ్మాయి కాగితం మీద ఒక గడి చూపించి, పేషెంటు మీకేమవుతారండి అని అడిగింది. చుట్టూ ఎవరూ లేరు, బుల్లెట్ లేడు, ల్యాబ్‌గారు లేరు, నేను మెప్పించవలసినవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరూ లేరు. కలం తీసుకుని ‘తండ్రి’ అని రాశాను. ఆ అమ్మాయి చదువుకుని, “మీ నాన్నగారా అండి” అంది.

“ఆయ్” అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. ఆ ప్రశ్నకు నా జన్మలో నేను తడుముకోకుండా చెప్పిన జవాబు అదొక్కటే. అదీ అబద్ధమే అనుకోండి.