ఐరిష్ బాణీ పుట్టుక కోసం అల్ ఖోర్ దాకా

దోహాలో మా అపార్టుమెంటువాళ్ల విందులో నేనొక ఐరిష్ ఫిడేలు బాణీ వాయించాను. ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నదే. వాయించే ముందు, ఇది వాళ్ల ఊళ్లలో పెళ్లికూతుర్ని సాగనంపే పాట అని కూడా చెప్పాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. వింటే అలా అనిపించింది, అంతే. విందుకు వచ్చిన నోరా అనే ఐరిష్ టీచరు నా దగ్గరికొచ్చి, ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగారు. ఒక ఐరిష్ స్నేహితురాలి దగ్గరన్నాను. తడుముకోకుండా అబద్ధం వచ్చేసింది. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, ఫిడేలు తీసుకుని ఒకసారి మా ఇంటికి రండి, ఆ బాణీ ఎక్కడిదో చెబుతాను అన్నారు.

శనివారం ఉదయం ఎనిమిదికి మా పేట ఫరీజ్ బిన్ మహమూద్‌లో బయల్దేరి, బస్టాండులో నోరా ఉండే అల్ ఖోర్ బస్సెక్కాను. పది రియాల్స్ లోపే అయింది, గంటన్నర పట్టింది. గుడారంలాంటి స్టేడియం కనిపిస్తే ఊరు దగ్గరపడినట్టే. నోరా భర్త రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో డ్యూటీకి వెళ్లారట, ఆవిడ ఒక్కరే ఉన్నారు. టీ ఇచ్చి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు. అది పెళ్లి పాట కాదు. పడవ మునిగి చనిపోయిన భర్త కోసం ఒకామె ఏడ్చిన పాట. కట్టిందెవరో ఎవరికీ తెలియదు. నోరా తాత, పొరుగింటామె పాడగా విని ఫిడేలు మీదికి తెచ్చుకున్నాడు. మాటల వెంట నడిచే బాణీ కాబట్టి దానికి తాళం ఉండదు. నేనేమో చప్పట్ల కోసం ఆదితాళంలో బిగించాను.

“మధ్యలో ఒకచోట స్వరం కిందికి జారి ఆగుతుంది కదా, మా తాత అలా వాయించేవాడు కాదు. అది మా తమ్ముడు డెర్మట్ సొంతంగా పెట్టుకున్నది,” అన్నారు నోరా. “వాడు పోయి రెండేళ్లయింది. ఆ రోజు మీ ఫిడేల్లో విన్నాను.”

అంటే ఆ వీడియోలో వాయించింది డెర్మటే. పేరు కిందే ఉండి ఉంటుంది. వందసార్లు చూశాను, ఒక్కసారీ చదవలేదు. తల దించుకునే, నాకు ఐరిష్ స్నేహితురాలెవరూ లేరండీ అన్నాను. తెలుసు అన్నారావిడ. కోప్పడి ఉంటే కాస్త తేలికపడేదాన్ని. ఒకసారి వాయించమన్నారు. ఆ చోటికి వచ్చి, స్వరం కిందికి జార్చి ఆపాను. ఆవిడ కళ్లు మూసుకుని, మళ్లీ అక్కడినుంచే అన్నారు. మూడుసార్లు వాయించాను.

తిరుగుదారిలో టాక్సీ తీసుకున్నాను, వంద రియాల్స్ దాకా అయింది. డ్రైవరు యూసుఫ్‌భాయ్‌ది జగిత్యాల. ఒళ్లో పెట్టె ఏమిటని అడిగితే, జరిగిందంతా చెప్పేశాను.

“మా దిక్కు కవ్వాలీ పాడెటోళ్లు ఉస్తాద్ పేరు తీస్తే మర్యాదకు చెవి పట్టుకుంటరు మేడం,” అన్నాడు. “పేరే తెల్వకుంటె ఇగ ఏం పట్టుకుంటరు?”

రాజమండ్రిలో మా గురువుగారు, కృతి ఎవరిదో చెప్పనిదే కమాను ఎత్తనిచ్చేవారు కాదు. పరాయి దేశం పాట అనేసరికి ఆ మర్యాద అక్కర్లేదనుకున్నాను. దోహా చేరాక అపార్టుమెంటు గ్రూపులో నిజం రాసి పెట్టాను. ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టారు. ఆ పాట పెళ్లిదనే మిగతావాళ్లు ఇంకా అనుకుంటూ ఉండొచ్చు.

ఇలా బాణీల మూలాలు వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: పొద్దున్నే బస్సులో వెళ్లండి, మాటలు ఎంతసేపు సాగుతాయో తెలియదు కాబట్టి తిరుగుటాక్సీకి డబ్బు ఉంచుకోండి. బయల్దేరేముందు మాత్రం, మీరు విన్న వీడియో కింద ఉన్న పేరు చదవండి.