మానాల్సింది ఎవరు

యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఆమెను అందరూ కటింగక్క అంటారు. గుడ్డ మడతలు మడతలుగా పరిచి, పైన సుద్దతో గీసి, ఆ గీత వెంట కరెంటు కత్తెర నడిపించడం ఆమె పని. మొదలుపెట్టే ముందు సంచిలోంచి స్టీలు సీసా తీసి నాలుగు గుక్కలు తాగుతుంది. అవి మంచినీళ్ళేనని షెడ్డంతా నమ్ముతుంది. నమ్మక ఏం చేస్తుంది? నున్నగా తల దువ్వుకుని, వంచిన తల ఎత్తకుండా పని చేసుకునే ఆడమనిషి మందు కొడుతుందని ఎవరి బుర్రకు తడుతుంది?

మొన్నామధ్య కత్తెర గీత దాటి ఆమె వేళ్ళ దాకా వచ్చి ఆగింది. ఇక మానకపోతే చెయ్యి పోతుంది, లేదా మనిషే పోతుంది. తనంతట తాను మానడానికి ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకుందో అన్నిసార్లూ ఆ ఒట్టు తీసి గట్టున పెట్టింది. తాగుడు మానేవాళ్ళంతా ఒకచోట చేరి మాట్లాడుకునే మీటింగులు ఉంటాయని రేడియోలో విన్నది. అక్కడికి వెళ్ళాలి. ఆమెకు కావలసింది అంతే.

మందుల షాపులో అడిగింది. "తాగుడు మానాలండీ. దానికేవో మీటింగులుంటాయట, ఎక్కడో తెలుసా?"

షాపతను గొంతు తగ్గించాడు. "మాన్పించడానికి మీటింగులెందుకమ్మా? ఈ పొడి ఆయనకు తెలియకుండా తిండిలో కలిపేయండి."

"మాన్పించడం కాదండీ. మానడం."

"అదేనమ్మా, ఆయన మానితే మీరు మాన్పించినట్టే కదా."

ఏం చెవులో ఏమో! ఆడమనిషి నోట 'మానడం' అని వస్తే చాలు, విన్నవాళ్ళ చెవిలో అది 'మాన్పించడం' అయి కూర్చుంటుంది. క్లినిక్కులో నర్సూ అంతే, బట్టలుతికే షాపావిడా అంతే. "పాపం, చూస్తే అలా కనపడడే మీ ఆయన," అని నిట్టూర్చారు.

కనపడకపోవడం కాదు, అతను అలాంటివాడే కాదు. బడి బస్సు నడుపుతాడు. దగ్గు మందు తాగాలన్నా వెనకాముందూ ఆలోచించే మనిషి. కానీ ఊళ్ళో మాట ఊరుకుంటుందా? ఆ నోటా ఈ నోటా పడి బడికి చేరింది, బస్సు డ్రైవరు తాగుతాడని. పిల్లల తల్లిదండ్రులు గోల పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ అతని దగ్గర బస్సు తాళాలు లాక్కుంది.

కటింగక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుణ్ణి వెంటబెట్టుకుని బడికి వెళ్ళింది. "మేడమ్, ఈయన ఏ పాపమూ ఎరగడు. తాగేది నేను," అని మొహాన్నే చెప్పింది.

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళు చెమ్మగిల్లాయి. "మొగుణ్ణి కాపాడుకోవడానికి ఇంత నింద నెత్తినేసుకుంటున్నావా తల్లీ? ఏమయ్యా, ఇలాంటి ఇల్లాలు దొరికినందుకైనా బుద్ధి తెచ్చుకో. ఏదీ, ఊదు."

అతను ఊదాడు. "ఇవాళ్టికి తాగినట్టు లేవు. ఆవిడ మొహం చూసి వదిలేస్తున్నాను. రోజూ పొద్దున్నే నా ముందు ఊది బస్సెక్కు," అని తాళాలు తిరిగిచ్చింది.

బయటికొచ్చాక అతను, "పోనీలే, ఉద్యోగం దక్కింది. ఇక ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు," అన్నాడు.

"నీకు ఉద్యోగం దక్కింది. నాకేం దక్కింది? మంచి ఇల్లాలినట! ఇలాగే తాగి తాగి చస్తాను. మొగుడు పెట్టిన బాధలకు పోయిందంటారు. అదీ నీ మెడకే చుట్టుకుంటుంది."

అతను తాళాలు జేబులో వేసుకున్నాడు. "లైబ్రరీ వెనక సాయంత్రాలు కూడతారు, మానేవాళ్ళు. బస్సులోంచి చూస్తూనే ఉంటాను. నువ్వు వెళ్తే నలుగురూ నవ్వుతారని చెప్పలేదు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఊరంతా తిరిగి వీధిన పడింది తను, దారి తెలిసి నోరు మూసుకున్నది ఈయన! "ముందు అక్కడికి పోయొస్తాను. తర్వాత నీ పని చెప్తా," అంది. సాయంత్రం కాగానే కదిలింది.

లైబ్రరీ వెనక వరండాకు అటొక గది, ఇటొక గది. బెంచీలు సర్దుతున్న పెద్దాయన ఆమెను చూడగానే, "ఇంటివాళ్ళకు కుడివైపమ్మా," అన్నాడు. ఆ గదినిండా తాగేవాళ్ళ పెళ్ళాలు, తల్లులు. ఒకావిడ జరిగి చోటిచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "మీ ఆయన ఎన్నాళ్ళబట్టి తాగుతున్నాడమ్మా?"

ఎంత ఆప్యాయంగా అడిగిందో. ఊఁ అంటే చాలు, కావలసినంత ఓదార్పు. ఆ చెయ్యి విడిపించుకోవడానికి ఆమెకు ప్రాణం మీదికి వచ్చినంత పనయింది. "మా ఆయన తాగడండీ," అని లేచి, వరండా దాటి, ఎడమవైపు తలుపు తోసింది.

లోపల అందరూ మగవాళ్ళే. మాట్లాడుతున్నవాడు ఠక్కున ఆగిపోయాడు. పెద్దాయన వెనకాలే వచ్చి, "అమ్మా, మీ గది అది," అన్నాడు.

"నా గది ఇదే. కాదన్నవాళ్ళు వచ్చి నా నోటి వాసన చూడండి."

వెనక వరసలో ఒక బట్టతల మనిషి వణుకుతున్న ఆమె వేళ్ళ వంక చూసి, "పొద్దున్నుంచీ ఎంత పట్టించావక్కా?" అని మామూలుగా అడిగాడు.

మొగుడి ఊసెత్తకుండా ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. పోట్లాటకు కూడబెట్టుకున్న మాటలతో ఇక ఆమెకు పని లేకపోయింది.

"చాలానే తమ్ముడూ," అంది. "పొద్దున బడిలో ఆయన్ని ఊదమన్నారు. పక్కన నేను తాగే నిలబడ్డాను. నన్ను ఊదమనలేదు."

ఎవరూ నవ్వలేదు. బట్టతల మనిషి తన పక్క కుర్చీ మీది సంచి తీసి కింద పెట్టాడు.