మొదటి నొక్కు

నాకు అనుమానం ఎక్కువ. ఇది ఇప్పుడొచ్చిన జబ్బు కాదు. పాలవాడు పాలు పోస్తే చెంబు అడుగు చూస్తా. జట్కావాడు దగ్గరి దారి అంటే దిగి నడుస్తా. "దేవుడే ఎదురుగా వచ్చి నిలబడినా మీరు నీది ఏ ఊరు, ఎవరి తాలూకా అని అడుగుతారు" అని మా ఇంటామె ఎగతాళి చేస్తుంది. చెయ్యనీ. ఆ అనుమానం ఒకసారి నా చేత ఏం చేయించిందో ఆమెకు కూడా నేను చెప్పలేదు.

యుద్ధం జోరు మీద ఉండిన రోజులు. నలభై మూడో, నలభై నాలుగో. మాది బెంగళూరు పేటలో మూడు తరాలుగా నూలు అంగడి పెట్టుకున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. నూలుకు కంట్రోలొచ్చి అంగడి మూతబడింది. పటాలాలుండే దండు పక్క తర్జుమా చేసేవాళ్ళు కావాలంటే పోయి చేరినా. కొత్తగా చేరిన సిపాయిలకు తుపాకి నేర్పే ఇంగ్లీషు కాగితాలను వాళ్ళ వాళ్ళ భాషల్లో రాయడం మా పని. ఒక రేకుల గది, నాలుగు మేజాలు. హిందుస్తానీకి ఒకడు, కన్నడానికి ఒకడు, అరవానికి ఒక పెద్దాయన, తెలుగుకు నేను. నలుగురిలో ఒక్కడు కూడా తుపాకి ముట్టినోడు కాదు. అసలు తుపాకిని మాలాంటి బయటివాళ్ళ చేతికి ఇయ్యరు. మాకిచ్చింది కవాతుకు వాడే కట్టె తుపాకి. వేలు పెట్టి నొక్కే చోట దానికి ఒక వంగిన మేకు కొట్టి ఉండేది. దాన్ని చూసుకుంటానే రాయాల.

ఆ మేకు చోట అసలు తుపాకిలో ఉండేదానికి ఏం పేరు పెట్టాల అని వారం రోజులు పోట్లాడుకున్నాం. హిందుస్తానీ ఆయన ఘోడా అన్నాడు. కన్నడాయన కుదురె అన్నాడు. మా పక్క కూడా కుదిరై అంటారు అని అరవాయన వంత పాడినాడు. "ఏందయ్యా ఇది, అందరూ కలిసి తుపాకిలోకి గుర్రాలను తోలుతా ఉండారు!" అని నేను ఎగిరినా. మా వైపు వేటగాళ్ళు కూడా గుర్రం అనే అంటారని నాకు తెలుసు. అయితే వాళ్ళు గుర్రమనేది పైన లేచి పడేదాన్నా, కింద వేలితో లాగేదాన్నా అంటే నాకు జవాబు లేదు. తెలియదని ఒప్పుకోవడం చేతకాక "మీట" అని రాసుకొని పడేసినా.

మీటను లాగొద్దు, మెల్లగా పిండు అని ఇంగ్లీషులో ఉండింది. పిండమంటే మనోళ్ళు తడిబట్ట మాదిరి మెలితిప్పుతారేమో అని భయమేసి, "ఆవు పాలు పితికినట్టు నొక్కాల" అని రాసినా. సిపాయిలు పడీ పడీ నవ్వినారంట, అయినా వేళ్ళు సరిగ్గా కుదిరినాయంట. ఇంకోచోట, ఇది వెంట్రుకంత తాకుడుకే పేలే మీట కాదు అని అర్థమొచ్చే ఇంగ్లీషు పలుకుబడి ఉండింది. దాన్ని "ముట్టుకుంటే భగ్గుమనే రకం కాదు" అన్నా. మా పని చూసే తెల్ల దొర దాని అర్థం నా చేతనే చెప్పించుకొని శభాష్ అన్నాడు. ఆ వారమంతా నా కాళ్ళు నేల మీద లేవు.

అరవాయన మాత్రం నా కంట్లో నలుసు. రిటైరైన బడిపంతులు, సన్నగా, మెడకు మఫ్లరు చుట్టుకొని ఉండేవాడు. గడియకొకసారి నా మేజా దగ్గరికొచ్చి, "దీన్ని మీరెట్లా రాసినారు స్వామీ?" అని కన్నడంలో అడిగేవాడు. జేబులో ఒక చిన్న నోటుబుక్కు. నేనేదైనా చెప్తే అందులో గీక్కునేవాడు. నలుగురిలో ఒకరిని తీసేస్తారని, మా తప్పులు దొరకు మోసేవాడొకడు మాలోనే ఉండాడని గదిలో పుకారు ఉండింది. నాకు క్షణంలో తేలిపోయింది, ఈయనే ఆ మోసేవాడు. ఆయన లేచి వస్తే చాలు, నేను కాగితం బోర్లా తిప్పి పెట్టేవాణ్ణి.

ఆ మాదిరిగా ఉండగా ఒక కాగితం వచ్చింది. మీటను మొదటి నొక్కు నొక్కి, తరువాత రెండో నొక్కు నొక్కాలంట. నేను కట్టె తుపాకి తీసుకొని మేకును నొక్కి చూసినా. మేకు కదిలితే కదా! ఇంకేముంది, ఒకసారి నొక్కి వదిలేది, గురి చూసేది, మళ్ళీ నొక్కేది అని నాకు నేనే అర్థం చేసుకున్నా.

అరవాయన అప్పుడే వచ్చినాడు. "ఈ మొదటి నొక్కు నాకు తెలియలేదు స్వామీ. ఆయుధాల కొట్టు హవల్దారు మా ఊరి పక్కాయన. పొద్దున్నే పోతే అసలు తుపాకి పట్టుకోనిస్తాడు. ఇద్దరం పోదాం, రండి" అన్నాడు.

నా ఒళ్ళు మండింది. ఓహో, నాకు తెలియదని నా నోటితోనే చెప్పించి పోయి దొర చెవిలో వెయ్యాలని చూస్తా ఉండాడు, అనుకున్నా. "నాకు బాగానే తెలిసింది, మీరు పోయి రండి" అన్నా. ఆయన మరుసటి రోజు రెండుసార్లు నా మేజా దగ్గరికి వచ్చినాడు. రెండుసార్లూ నేను కాగితం మూసేసినా. తెలుగుకు టైపు మిషను లేదు కాబట్టి స్టెన్సిలు మీద నా చేత్తోనే రాసి ప్రతులు తీయించినా: "మీటను ఒకసారి నొక్కి వదలాల. గురి చూసుకోవాల. మళ్ళీ నొక్కాల."

పది రోజులకు చాంద్‌మారీ మైదానంలో, అంటే గురి నేర్పే చోట, మన తెలుగు జట్టుకు మొదటిసారి నిజం గుండ్లిచ్చినారు. ఒక సిపాయి గురి చూడకముందే మొదటి నొక్కు పూర్తిగా నొక్కినాడు. తుపాకి పేలింది. గొట్టం సరిచెయ్యడానికి చెయ్యి పెట్టిన మైదానం హవల్దారుకు రెండు వేళ్ళు పోయినాయి. జట్టుకు ఆ కాగితం చదివి నేర్పింది హొసకోటె పక్కనుంచి వచ్చిన ఒక లాన్స్ నాయకు. మగ్గం వదిలి పటాలంలో చేరినోడు, చేతి మీద పట్టీ వచ్చి నెల కూడా కాలేదు. తప్పుగా నేర్పినాడని వాణ్ణి పట్టి లోపలేసినారు. తప్పు రుజువైతే పట్టీ పోతుంది, ఆర్నెల్లు పటాలం జైలు.

కబురు రాగానే నాకు తట్టిన మొదటి మాట, అరవాయన నా స్టెన్సిలు మార్చినాడు అని. పరుగెత్తిపోయి ప్రతి తీసి చూసినా. నా అక్షరమే. ఒత్తులు కూడా నావే. అరవాయన వచ్చి నా పక్కన నిలబడి కట్టె తుపాకి తీసుకున్నాడు. "అసలు తుపాకిలో మీట కొంచెం దూరం ఊరికే వస్తుంది స్వామీ. అక్కడ ఆగుతుంది. వదలకూడదు. ఊపిరి బిగబట్టి అక్కడినుంచి ఇంకా నొక్కితే పేలుతుంది. మీకు ఇదే చెప్పాలని వచ్చినా" అన్నాడు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే బాగుండు.

మరుసటి రోజు పొద్దున్నే దొర గదికి నన్ను పిలిచినారు. తెలుగు చదివి ఇంగ్లీషులో చెప్పేవాడు దండులో నేనొక్కణ్ణే అంట! లాన్స్ నాయకు ఇద్దరు సిపాయిల మధ్య నిలబడి ఉండాడు. టోపీ లేదు, నడుం పట్టీ లేదు. నన్ను చూడగానే వాని మొఖం విచ్చుకుంది. "కాగితంలో ఉండేదే చదివినా అప్పా. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ మాట దొరకు చెప్పప్పా" అన్నాడు. నేను చెప్పినా, ఇతను కాగితంలో ఉన్నదే చదివినానంటున్నాడు అని.

దొర కాగితం నా ముందుకు తోసినాడు. ఇందులో ఏముందో ఇంగ్లీషులో చదువు అన్నాడు.

ఒకటి రెండేళ్ళ ముందే దండులో ఎవరెవరినో క్విట్ ఇండియా గొడవల్లో కలిసినారని పట్టుకుపోయినారు. తెల్లవాళ్ళ సిపాయిలకు తప్పు రాసిన నన్ను తెలియక రాసినాడు అంటారా? కావాలనే రాసినాడు అంటారు. నేనైతే అట్లనే అనుకొని ఉందును. కాగితం చేతిలోకి తీసుకున్నా. మీటను మొదటి నొక్కు వరకు తెచ్చి అక్కడే పట్టి ఉంచాల, గురి కుదిరినాక వదలకుండా రెండో నొక్కు నొక్కాల అని చక్కటి ఇంగ్లీషులో చదివినా. దొర అసలు ఇంగ్లీషు కాగితం పక్కన పెట్టుకొని మాట మాటకూ తలూపినాడు. ఒక్కసారైనా నన్ను అనుమానంగా చూసి ఉంటే నిజం కక్కేసి ఉందునేమో. చూడలేదు. తర్జుమా సరిగ్గా ఉంది, తప్పు ఇతనిది, ఆర్నెల్లు, ఇతనికి చెప్పు అని లేచి పోయినాడు.

"ఏమన్నాడప్పా దొర?" అన్నాడు వాడు.

నా నోట ఆర్నెల్లు అనే మాట రాలేదు. "కాగితం సరిగ్గా ఉండాదన్నాడు" అన్నా.

"అబ్బా! బతికించినావప్పా. కాగితం సరిగ్గా ఉంటే దాన్ని చదివినోని తప్పు ఏముంటాది?" అని వాడు నవ్వుతా నాకు రెండు చేతులెత్తి దండం పెట్టినాడు. సిపాయిలు వాణ్ణి జైలు పక్కకు తిప్పుకొని పోతా ఉంటే, దారి తప్పినారేమో అన్నట్టు వెనక్కి తిరిగి నన్నే చూసినాడు.