మా అమ్మ ఎవరో రాయించుకోవడానికి మూడు ఊళ్లు

న్యూజిలాండ్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఆరేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. పర్మనెంట్ రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టి, ఇక గట్టెక్కినట్టే అనుకున్న వారానికి ఇమ్మిగ్రేషన్ వాళ్ల నుంచి ఈమెయిల్ వచ్చింది. మీ జనన ధ్రువపత్రంలో తల్లి పేరు లచ్చమ్మ అని, పాస్‌పోర్టులో రాములమ్మ అని ఉంది, వీరిలో మీ తల్లి ఎవరో నాలుగు వారాల్లో ఆధారాలతో తెలపండి, లేదంటే దరఖాస్తు తిరస్కరిస్తాం అని. అప్పటికి నా వర్క్ వీసాకు మూడు నెలలే మిగిలాయి. అడిగినవాళ్లది తప్పు కాదు. అయినా ఒళ్లు మండిపోయింది.

లచ్చమ్మ నన్ను కన్న తల్లి. రాములమ్మ మా పెద్దమ్మ, నాన్నగారి అన్న భార్య. మాది గొర్రెలు కాసే కుటుంబం. వరికోతలు కాగానే అమ్మానాన్నలు మందను తోలుకుని సాగర్ కాలువ కింది పొలాలకు వెళ్లిపోయేవారు. ఎరువు కోసం రైతులు తమ మళ్లలో మందను పడుకోబెట్టుకుంటారు. వానలు బాగా పడితే తప్ప ఊరికి తిరిగొచ్చేవారు కాదు. జూన్‌లో బడి తెరిచేసరికి వాళ్లు లేరు. నన్ను పెద్దమ్మే తీసుకెళ్లింది. హెడ్మాస్టరు తల్లి పేరు అడిగితే, "ప్రతిసారి సంతకానికి వచ్చేదాన్ని నేనే గదా సారూ, నా పేరే రాయుండ్రి" అన్నదట. ఆయన రాశాడు. ఆ పేరు పదో తరగతి మెమోలోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి నడిచింది. ఇప్పుడు అదంతా దిద్దించాలంటే నెలలు పడుతుంది. అంత టైము నాకు లేదు. పదిరోజుల సెలవు పెట్టి ఏప్రిల్ ఎండల్లో దిగాను.

హైదరాబాద్‌లో ఉదయం అయిదున్నరకు బస్సెక్కితే ఎనిమిదిన్నరకు సూర్యాపేట చేర్చింది. నా జనన ధ్రువపత్రం కొత్త నకలు తీసి పెట్టిన వకీలు గారి ఇల్లు బస్టాండ్‌కు నడిచేంత దూరమే. ఆయన కాగితాలన్నీ చూసి నవ్వారు.

"గింత పరేషానెందుకమ్మా? లచ్చమ్మ, రాములమ్మ ఇద్దరూ ఒక్కరే, ఒక మనిషికే రెండు పేర్లని రాసిస్త. గిసొంటివి రోజూ రాస్తం. పది నిమిషాల్ల ఖతం."

నిజం చెబుతున్నాను, ఒక్క నిమిషం ఆశపడ్డాను. కానీ అబద్ధమని తేలితే ఆ దేశంలో మళ్లీ అడుగు పెట్టనివ్వరు. ఆ భయంతోనే వద్దన్నాను, సత్యం మీద ప్రేమతో కాదు.

"అట్లయితే రెండు అఫిడవిట్లు కావాలె. కన్నామె 'ఈమె నా బిడ్డ' అనాలె. పెద్దామె 'నా బిడ్డ కాదు' అనాలె. ఇద్దరూ నోటరీ ముందటనే సంతకం పెట్టాలె" అన్నారు ఆయన. అమ్మ మందతో మిర్యాలగూడ దగ్గర ఉందని చెప్పాను. అయితే అక్కడి నోటరీకి ఫోన్ చేస్తానన్నారు. తెలుగులో రాసి, ఇంగ్లీషు అనువాదం జతచేసి, చేతిలో పెట్టేసరికి పదిన్నర.

సూర్యాపేట నుంచి కోదాడ, అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, తిరిగి సూర్యాపేట. ఈ చుట్టు మొత్తానికి డీజిల్‌తో కలిపి మూడున్నర వేలకు కారు మాట్లాడుకున్నాను. బస్సుల్లోనూ తిరగొచ్చు కానీ ఒక్క రోజులో పని తెమలదు. డ్రైవర్ సైదులు నెమ్మదస్థుడు. కారెక్కగానే పెద్దమ్మను కోదాడకు, అమ్మను నోటరీ ఆఫీసుకు రమ్మని ఫోన్ చేశాను. హైవే మీద గంటలోపే కోదాడ వచ్చేసింది.

పెద్దమ్మ నడిగూడెం వైపు నుంచి ఆటోలో వచ్చి, బస్టాండ్ గేటు దగ్గర నీడ పట్టున నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది. చేతిలో స్టీలు టిఫిను. పిల్లలు పుట్టలేదామెకు. నన్ను చూడగానే రెండు చెంపలూ పుణికి, "గింత సిక్కినవేందే, ఆడ అన్నం పెట్టరా?" అంది.

హుజూర్‌నగర్ దాటాక వేపచెట్టు కింద కారాపి ముగ్గురం తిన్నాం. జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి. సైదులు మొహమాటపడుతుంటే పెద్దమ్మ ఊరుకోలేదు.

"తిను కొడుకా, బండి నడిపెటోనివి. కడుపు మాడితే కండ్లు మూతపడ్తయి."

చేతులు కడుక్కుంటూ నన్ను అడిగింది: "కాయిదంల ఏం రాసిండ్రు బిడ్డా?"

"బడిల నీ పేరెట్ల రాయించినవో అదే రాసిండ్రు పెద్దమ్మా" అన్నాను. అంతకుమించి చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గులేని దాన్ని, మిగతాది నోటరీ నోటికి వదిలేశాను.

మిర్యాలగూడ దగ్గరికి వచ్చేసరికి రెండున్నర. రైసుమిల్లుల ముందు లారీలు బారులు తీరి ఉండటంతో ఊళ్లోకి రావడానికి అరగంట పట్టింది. ఆ రోడ్డున వెళ్లేవాళ్లు కోతల కాలంలో ఈ అరగంట లెక్కలో పెట్టుకోండి. నాన్నను మంద దగ్గర ఉంచి, అమ్మ ముందే నోటరీ ఆఫీసు చేరుకుంది. తోడికోడళ్లిద్దరూ ఒకే బెంచీ మీద ఆనుకుని కూర్చున్నారు.

నోటరీ రెండు కాగితాలూ పైకి చదివారు. అమ్మది చిన్నదే. పెద్దమ్మది చదువుతుంటే నేను గోడవైపు చూశాను. "సదరు వ్యక్తి నా కూతురు కాదు. నేను ఆమెను కనలేదు. దత్తత తీసుకోలేదు. పాఠశాలలో తల్లిగా నా పేరు తప్పుగా నమోదైనది." పెద్దమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

నోటరీ కాగితాలు బల్లమీద పక్కపక్కనే పెట్టి, స్టాంపు ప్యాడ్ కోసం అటు తిరిగారు. పెద్దమ్మ పెన్ను తీసుకుని, తల వంచి, ఒక్కో అక్షరం ఒత్తి సంతకం చేసింది. నా ప్రోగ్రెస్ కార్డుల కోసమే ఆమె సంతకం నేర్చుకుంది. ఆయన ఇటు తిరిగి చూసి నెత్తి కొట్టుకున్నారు.

"ఏందమ్మా, గిది ఆమె కాయిదం!"

"తల్లి సంతకం" అని అమ్మ కాగితంలో రాసి ఉన్నచోట పెట్టేసింది. పదో తరగతి దాకా ఆ మాట ఎక్కడ కనిపిస్తే అక్కడే పెట్టింది.

"చేతికి గదే అలవాటాయె సారూ" అంది పెద్దమ్మ, దొంగతనం చేసి దొరికినట్టు.

ఆ కాగితం పనికిరాకుండా పోయింది. వకీలు గారు వాట్సాప్‌లో ఫైలు పంపారు. జిరాక్సు షాపులో కరెంటు లేదు. ముప్పావు గంట ఆ బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "తల దువ్వి, బువ్వ పెట్టి, బడికి తోలింది అక్క. నేను యేలుముద్ర ఏసి అమ్మనైత." పెద్దమ్మ వినిపించుకోనట్టే కూర్చుంది.

కొత్త కాగితం వచ్చాక అమ్మ వేలిముద్ర వేసింది. నోటరీ ఈసారి వేలు పెట్టి మరీ చూపించారు. పెద్దమ్మ తన కాగితం మీద తప్పు లేకుండా సంతకం చేసి, పెన్ను నాకిచ్చి, "ఇగ నీ పనైతదా?" అని అడిగింది. అవుతుందన్నాను.

పని అయింది. నాకు రెసిడెన్సీ వచ్చింది. సహోద్యోగులు కేకు తెచ్చారు. ఇక్కడ నేను రోజూ స్నానం చేయించే ముసలమ్మలు నన్ను కూతురని పిలిస్తే ఎవరూ ఆధారం అడగరు. మా ఇంట్లో ఇద్దరు అమ్మలు ముప్పై ఏళ్లు ఏ తగవూ లేకుండా నన్ను పంచుకున్నారు. ఆ పంపకాన్ని చెడగొట్టింది నేను. దేశం కాని దేశంలో ఉండిపోవడానికి, నన్ను పెంచినామెతో నేను ఆమె బిడ్డను కానని ఒట్టు వేయించాను.

ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒకే ఒక్క సలహా. ప్రతి అఫిడవిట్‌కూ సంతకం చేయని కాపీ ఒకటి అదనంగా వెంట తీసుకెళ్లండి. నా దగ్గర ఉండి ఉంటే, మా పెద్దమ్మ ఆ ముప్పావు గంట, "తల్లి" అన్నచోట తాను పెట్టిన ఆఖరి సంతకాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది కాదు.